ఎనిమిదో చెరువు

“యజమాని వివరణ లేకుండా ఈ వార్త వేయనండి, అచ్యుతరావుగారూ!”

ఏలూరు ఆఫీసులో జిల్లా పేజీలు చూసే ప్రద్యుమ్న ఫోన్లో ఆ మాట అనడం పొద్దుటినుంచి ఇది మూడోసారి.

“వేయాల్సిందేనండి,” అన్నాడు అవతలి నుంచి మండవల్లి విలేకరి అచ్యుతరావు. “ఎల్లుండికి తుఫానంటున్నారు. రేపు ఆ చెరువు గట్టు కొట్టకపోతే లంక గ్రామంలో నూటయాభై ఇళ్ళు మునుగుతాయి. పేపర్లో పడితే గానీ అధికారులు కదలరు. మీకు తెలీదా?”

ప్రద్యుమ్నకు తెలుసు.

కొల్లేరు నీటికి అడ్డంగా ఎనిమిది అక్రమ చేపల చెరువులు. ఏడింటి గురించి అచ్యుతరావు కుండబద్దలు కొట్టినట్టు రాశాడు. ఏడింటి గట్లూ కొట్టడానికి పొక్లెయిన్లు వెళ్ళాయి. ఎనిమిదోది మాత్రం దర్జాగా అలాగే ఉంది. రికార్డులో ఒకరి పేరు, అసలు యజమాని ఇంకొకరు. కొల్లేట్లో అది మామూలే. ఆ అసలాయన ఎవరయ్యా అంటే అచ్యుతరావు చెప్పడు. ‘పేరూ వివరణా కలిపే పంపుతా’నంటాడు. ఇది చాలదన్నట్టు ఇవాళ టపాలో సంతకం గానీ యజమాని పేరు గానీ లేని ఉత్తరం ఒకటి ఊడిపడింది.

“మీరు ఆ యజమాని ఇంట్లో భోంచేశారని ఎవరో రాశారండి,” నీళ్ళు నమిలాడు ప్రద్యుమ్న. తనకంటే పాతికేళ్ళు పెద్దాయన్ని ఇలా అడగాల్సి వచ్చినందుకు సిగ్గేసింది.

“నిజమేనండి. చాలాసార్లు చేశాను.”

“అయ్యో రామ! అంటే, ఆయన ఉప్పు తిన్నట్టేనా?”

“తిన్నాను. అందుకే ఇన్నాళ్ళూ ఆ చెరువు మీద కలం లేవలేదు. నిన్న లంకలో సత్యవేదం అనే ఆవిడ నలుగురిలో అడిగేసింది. ‘ఏడు కొట్టించారు కదండీ, ఎనిమిదోదానికి భయపడ్డారా?’ అని. ముప్పై ఏళ్ళ నా రాతలు ఆ ఒక్క మాటతో నీళ్ళలో కలిసిపోయాయండి. ఇక చాలు. ఆ పెద్దమనిషి సంగతి ఇవాళ తేల్చేస్తాను!”

“ఆయన మిమ్మల్ని ఊరికే వదులుతాడా?”

“ఏం చేస్తాడండీ? మహా అయితే అన్నం పెట్టడు.”

ఈయన మొండితనం తగలెయ్య! ప్రద్యుమ్నకు కోపమూ వచ్చింది, ముచ్చటా వేసింది. ఫోన్ పెట్టాడో లేదో మళ్ళీ మోగింది.

“బాబూ, నేను వెంకటనరసమ్మనండి, అచ్యుతరావుగారి భార్యని. ఆయన మాట వినకండి బాబూ. ఆ వార్త పడిందంటే మేం వీధిన పడతాం.”

“ఎవరైనా బెదిరించారా అమ్మా?”

“బెదిరిస్తే లొంగే మనిషా ఆయన! అదే కదండీ నా ఖర్మ,” అని ఆవిడ ఏడుస్తూ పెట్టేసింది.

ప్రద్యుమ్న ఇక ఆగలేకపోయాడు. వెంటనే అచ్యుతరావుకు ఫోన్ చేశాడు. “వదిలేయండి సార్. ఈ వయసులో మీకెందుకండీ ఈ తలనొప్పి? పేరు తీసేసి నాలుగు ముక్కలు వేస్తాను.”

“పేరు లేకపోతే వేయనే వద్దు!” ఫోన్ అదిరిపోయింది. “ఏడుగురి పేర్లూ వేశాం. ఈయనొక్కడూ దేవుడేమిటండీ?”

“మరి వివరణ?”

“దానికోసమేనండి ఇందాకట్నుంచి తంటాలు పడుతున్నాను. ఆయన చేత ఆ నాలుగు మాటలు చెప్పించడమే అన్నిటికంటే కష్టంగా ఉంది.”

పేజీ ఆరింటికి అచ్చుకు వెళ్ళిపోవాలి. వివరణ రాకపోతే ఆ చోట పెట్టడానికి కొబ్బరి ధరల వార్త సిద్ధంగా ఉంచాడు ప్రద్యుమ్న. అయిదూ యాభైకి వాట్సాప్ మోగింది. రెండే రెండు వాక్యాలు. చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

‘దీనిపై చెరువు అసలు యజమానిని వివరణ కోరగా అక్రమంగా తవ్విన మాట వాస్తవమేనని అంగీకరించారు. రేపు ఉదయమే గట్టు కొట్టేయవచ్చని, పొక్లెయిన్‌కు తానే దగ్గరుండి దారి చూపిస్తానని ఆ యజమాని, అనగా ఈ వార్త రాసిన విలేకరి అచ్యుతరావు తెలిపారు.’