ఒక్క ఫైలూ పోలేదు

ఇంజనీర్ పలోమార్ సీపీయూ తెచ్చి బల్ల మీద పెట్టగానే రెమీకి ఒళ్లు మండిపోయింది.

ఆరేళ్ల కిందట ఇలోయిలో నగరంలో ఓ ఆఫీసులో ఆమె అతని కిందే పనిచేసేది. ఒకరోజు ఆమె కంప్యూటర్ డిస్కులో భాగాలు (పార్టిషన్లు) సర్దుతుంటే, అది పూర్తయ్యేదాకా ఆగలేక అతనే స్విచ్ కట్టేశాడు. ఫైళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. నింద మాత్రం ఆమె నెత్తిన రుద్దాడు. ఉద్యోగం ఊడింది. రెమీ చెయ్యి పడితే డిస్కుకి నూకలు చెల్లినట్టేనని ఊరంతా చాటాడు. ఇప్పుడు సొంతంగా రిపేర్ కొట్టు పెట్టుకున్నా ఆ చెడ్డపేరు వదల్లేదు. ఇంకొక్క డిస్కు పోయిందంటే కొట్టు మూసుకోవడమే.

"మొదటి భాగం నిండిపోయింది. పక్కదాన్ని కుదించి దీన్ని పెంచు. కాపీలూ గీపీలూ అంటూ టైం తినకు," అన్నాడు పలోమార్. "ఈసారైనా ఉంచుతావా, ఊడ్చేస్తావా?"

"కూర్చోండి ఇంజనీర్," అంది రెమీ.

పక్క కొట్లో ఫోన్ కవర్లమ్మే నెనెంగ్ వచ్చి చెవిలో గొణిగింది. "దొరికాడక్కా. సగంలో ప్లగ్గు పీకెయ్."

"ఊరుకోవే. ఆరేళ్ల కసి ఒక్క ప్లగ్గుతో తీరుతుందా?"

అతను సణుగుతున్నా రెమీ ముందు మొత్తం కాపీ తీసింది. డిస్కులో తప్పులున్నాయేమో సరిచూసింది. బయట దొరికే ప్రోగ్రాముల జోలికి పోలేదు. ఆ ఫైళ్లను రాసిన ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉండే సొంత ప్రోగ్రాముతో పక్క భాగాన్ని కుదించింది. ఏ ఫైలు ఎక్కడుందో దానికే బాగా తెలుసు. తర్వాత మొదటిదానికి చోటిచ్చేలా ఆ భాగాన్ని మెల్లిగా జరపడం మొదలుపెట్టింది.

మధ్యలో పలోమార్ కాలు రెండుసార్లు కరెంటు తీగకు తగిలింది. చూసుకోలేదన్నాడు. రెమీ స్టూలు లాక్కుని తీగకు అడ్డంగా కూర్చుంది.

సాయంత్రానికి పనైపోయింది. అతను ఒక్కో ఫోల్డరూ తెరిచి చూశాడు. అన్నీ ఉన్నాయి.

"అన్నీ సరిగ్గా ఉన్నాయని ఇక్కడ సంతకం పెట్టండి. కాపీ నెల రోజులు నా దగ్గరే ఉంటుంది. మా కొట్టు పద్ధతి."

అతను సంతకం గీకాడు. పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు.

"పగ తీర్చుకోమంటే సేవ చేశావేంటక్కా!" నెనెంగ్ తల కొట్టుకుంది.

రెమీ కసితీరా నవ్వింది.

అతను కట్టించగా కూలిపోయిన బడి కేసులో మర్నాడు కోర్టుకి అప్పగించాల్సిన ఆ ఫైళ్లని రెమీ పోగొట్టిందని చెప్పుకోవడానికే, ఊళ్లో ఇన్ని కొట్లుండగా అతను వెతుక్కుంటూ ఆమె దగ్గరికొచ్చాడు. ఆ సంగతి రెమీ ముందే పసిగట్టింది.