జెట్టీ మీద తడి చెప్పులు

సొరచేపలు చూడ్డానికి వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చి ఇళ్ళకు పోయాక కూడా, జెట్టీ మీది పెట్టెలో ఒక జత చెప్పులు మిగిలిపోయాయి.

పడవలో కాలు జారకుండా చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ చెప్పులు ఇక్కడే విడిచి ఎక్కుతారు. వాటికి కాపలా ఆమె. భర్తను ఆ సముద్రమే మింగినప్పటి నుంచి, చీకటి పడితే ఆమెకు తోడు ఆ పెట్టె, అలల చప్పుడు.

"ఎవడో మర్చిపోయుంటాడులే వదినా," పడవ కడుతూ నవ్వాడు మరిది. "ఉత్త కాళ్ళతో ఇంటికెళ్తే పెళ్ళాం ఊరుకుంటుందా? పరిగెత్తుకొస్తాడు చూడు."

ఆమె చెప్పులను దీపం కిందికి తెచ్చింది. వాటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎడమ చెప్పు పట్టీకి నీలం వలదారంతో వేసిన కుట్టు ఉంది. అది తన చేతి కుట్టే. పోయిననాడు భర్త కాళ్ళకున్నవి ఇవే.

మరిది చేతిలోంచి తాడు జారింది. అలలు సద్దుమణిగాయి. పడవ వెనక మాత్రం ఎవరో ఈదుతున్నట్టు నీళ్ళు కదిలాయి.

"అన్నయ్య మునిగిపోయాడన్నది అబద్ధం వదినా. ఆ రోజు కాలు జారి నీళ్ళలో పడ్డాక, పడవ వెనకాలే ఈదుకుంటూ వచ్చాడు. ఆగరా తమ్ముడూ అని అరుస్తూనే ఉన్నాడు. చుట్టూ సొరచేపలు. ఆగితే నేనూ పోతానని... నేనే ఇంజను వేగం పెంచాను."