రెప్పపాటు తప్పు

ఆ ముచ్చట్లు కాసేపు కట్టిపెట్టి ఇటు జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకు రండి. తర్వాత "ఏమైంది, ఏమైంది" అని పక్కవాళ్ళని గిల్లితే ఊరుకునేది లేదు. దగ్గుమందు సీసాలకు లేబుళ్ళు అంటించే చోట ఒక అత్తాకోడళ్ళకు జరిగిన సంగతి ఇది. ఇందులో ఒక్క అబద్ధం లేదు. రెండు మూడు ఉంటే ఉండొచ్చు.

"కునుకు తీస్తున్నావమ్మా, ఒప్పేసుకో!" అన్నాడు సూపర్‌వైజరు, వంకర లేబులున్న సీసాని అత్తగారి ముక్కు ముందు ఊపుతూ. "నువ్వు కళ్ళు మూయడం, చేతిలో లేబుళ్ళ చుట్ట జారడం, లేబులు వంకరపోవడం! భోజనాల గంట కొట్టేలోపు ఇది ఆగాలి. ఆగకపోతే రేపటినుంచి ఇంట్లోనే హాయిగా పడుకుందువుగాని."

"నేను పడుకోవడమా? ఇంట్లో నిద్రపోయినా నాకు ఒక కన్ను తెరిచే ఉంటుంది. కావాలంటే మా కోడల్ని అడగండి."

"నిజమే సార్, ఆ కన్ను ఎప్పుడూ నామీదే ఉంటుంది," అంది కోడలు, మిషను కిందనుంచి తల బయటపెట్టి.

ఆ మిషనుకి బుర్రలాంటి కంప్యూటరుని చూసుకునే ఇంజనీరు ఆ కోడలే. ఇంట్లో అత్తగారితో పోపుగింజల దగ్గర కూడా పేచీయే. కానీ ఇంకొకడు అత్తగారిని మాటంటే మాత్రం ఆమెకి ఒళ్ళు మండిపోతుంది.

"తప్పు అత్తయ్యది కాదు సార్. కెర్నెల్‌ది," అంది.

"కెర్నెలా? ఆయన ఏ షిఫ్టు?" అన్నాడు అట్టపెట్టెలు మడిచే బాబాయి, పని ఆపేసి మరీ.

"కంప్యూటరు లోపల పనులు పంచే మేస్త్రీ అనుకో బాబాయ్. సీసా వచ్చిందని పిలుపు రాగానే లేబులు వదలమనాలి. ఈ మేస్త్రీ అప్పుడప్పుడూ తలుపేసుకుని కూర్చుంటున్నాడు, పిలుపు వినడం లేదు. ఎవరికోసం వేసుకుంటున్నాడో, ఎంతసేపు వేసుకుంటున్నాడో పట్టుకోవాలి."

అందుకోసమే ఆమె ట్రేసింగ్ కలిపిన కొత్త కెర్నెల్ తయారుచేసి తెచ్చింది. లోపల ఏ పని మొదలైనా పేరు, టైము రాసుకునే ఏర్పాటు అది. కంగారులో అన్ని పనులకీ ఒకేసారి ఆన్ చేసేసింది.

ఇక చూడండి! సీసాలు ఒక దారి, లేబుళ్ళు ఒక దారి. ఒకటి బెల్టు మీద పడింది, ఒకటి సూపర్‌వైజరు చొక్కా మీద, ఒకటి సరిగ్గా అత్తగారి నుదుటి మీద: "వాడే ముందు బాగా కుదపవలెను."

"ఇదేనా నువ్వు బాగుచేయడం?" అని అరిచాడు సూపర్‌వైజరు.

కోడలు నాలిక కరుచుకుని అంతా ఆపేసింది. "చేసిన ప్రతి పనికీ చీటీ రాయమన్నాను. ఇక మేస్త్రీకి రాయడంతోనే సరిపోతోంది, పనెప్పుడు చేస్తాడు!"

"నీ వంటా అంతేగా అమ్మాయ్," అంది అత్తగారు నుదురు గీక్కుంటూ. "పొయ్యి వెలిగించకముందే ఫోన్లో పది పేజీలు చదువుతావు."

ఈసారి కోడలు జాగ్రత్తపడింది. అన్నీ రాయొద్దు, తలుపు మూసిన సమయమే రాయి అంది. అదీ సెకనులో వెయ్యో వంతుకి రెండింతలు దాటితేనే రాయి, ఎక్కువసేపు మూసిందే ఉంచు అంది. భోజనాల గంటకి ఇంకా పది నిమిషాలున్నాయి.

బెల్టు కదిలింది. వంద సీసాలు పోయాయి, రెండొందలు పోయాయి. అన్నీ నిటారుగా ఉన్నాయి. అత్తగారు కళ్ళు ఇంతింత చేసుకుని, రెప్ప వేయకుండా చూస్తోంది. పట్టుదలకి ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. కోడలు మాత్రం గడియారం వైపు చూసింది. తప్పు జరగకపోతే దొంగని పట్టేదెలా?

"అత్తయ్యా, మామూలుగా ఉండండి. ఊపిరి తీసుకోండి."

అత్తగారు ఊపిరి వదిలి, మండుతున్న కళ్ళు ఒక్కసారి గట్టిగా మూసి తెరిచింది. లేబులు వంకరపోయింది!

"చూశారా! కన్ను మూసింది!" అని ఎగిరాడు సూపర్‌వైజరు.

కోడలు గబుక్కున తెర వైపు తిరిగింది. కళ్ళు మూయడం తనూ చూసింది మరి. అప్పుడే తెర మీద చీటీ పడింది. సెకనులో వెయ్యో వంతుకి నలభై రెట్లు తలుపు మూతపడింది. ఎవరికోసం? పక్కనే పేరుంది. కెమెరా.

"ఈ మిషనుకి కెమెరా ఎక్కడుంది?" అంటూ వైరు పట్టుకుని పాకుతూ పోయింది. వైరు బల్ల కిందికి వెళ్ళి, గోడెక్కి, దీపం చాటున ఆగింది. అక్కడ గోళీకాయంత కెమెరా, అత్తగారి మొహం మీదికి గురిపెట్టి ఉంది.

సూపర్‌వైజరు నసిగాడు. "అది నేనే పెట్టించాను. ఆవిడ కళ్ళు మూస్తే ఫోటో తీస్తుంది. వేరే కంప్యూటరెందుకని దీనికే తగిలించా."

"మీ కెమెరా ఫోటో దాచుకున్నప్పుడల్లా కెర్నెల్ తలుపేసుకుంటోంది సార్!" అంటూ కోడలు వైరు పీకేసింది.

అత్తగారు సూపర్‌వైజరుకి ఎదురుగా నిలబడి, కావాలనే టపటపా పాతికసార్లు కళ్ళార్పింది. పాతిక సీసాలూ నిటారుగా పోయాయి. భోజనాల గంట కొట్టింది. కోడలు అక్కడే నేలమీద చతికిలపడి హమ్మయ్య అంది. అత్తగారు పక్కన కూలబడి, కోడలి తల ఒళ్ళోకి లాక్కుని, "ఇక పోపు నీ ఇష్టమొచ్చినట్టు వేసుకోవే తల్లీ," అంది. సూపర్‌వైజరు చొక్కా మీది లేబులు పీక్కుంటూ, "రేపు మామూలు టైముకే రామ్మా," అని గొణిగి తప్పుకున్నాడు.

అట్టపెట్టెల బాబాయి మాత్రం గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించి అన్నాడు:

"అంటే తప్పు వదినదేగా! ఆ రెప్పలేవో ఇంటి దగ్గరే వేసుకుని రావచ్చు కదా?"