చప్పుడు కాకుండా

"నా కారు వీధి మలుపు తిరిగిందంటే చాలు, నేనొస్తున్నానని ఇంట్లోవాళ్లకు తెలిసిపోతుంది. ఇవాళ నీ స్కూటర్ మీద దిగితే గుర్తుపడతారో లేదో!" అన్నాడతను గేటు తీస్తూ.

రెండే తలుపులున్న ఆ ఎర్ర స్పోర్ట్స్ కారు కొత్త టైర్ల కోసం షెడ్డులో ఉంది. అందుకే ఆఫీసు మిత్రుడు దింపడానికి వచ్చాడు.

"లోపలికి రా, కాఫీ తాగి వెళ్దువుగాని."

బెల్లు నొక్కబోయి ఆగాడు. లోపల్నుంచి నవ్వులు. తన భార్య అంత పగలబడి నవ్వగలదని అతనికి ఇప్పటిదాకా తెలియదు.

"ఇప్పుడు నేను నాన్న కారు!" చిన్నకూతురి గొంతు. ఆ వెంటనే అచ్చం ఆ ఇంజను గర్జనే. "బ్రూమ్‌మ్‌మ్!"

"టీవీ కట్టెయ్! పుస్తకం తియ్!" పెద్దది అరిచింది. కుర్చీలు బరబరా జరిగాయి. అంతా నిశ్శబ్దం.

"అమ్మ ఓడిపోయింది! వంటింట్లోకి పరిగెత్తనేలేదు!"

"కాళ్లు వణికాయే తల్లీ! నిజంగానే వచ్చేశారనుకున్నా," అంటూ భార్య మళ్లీ నవ్వింది.

మిత్రుడు నేలచూపులు చూడటంతో అతనికి తల కొట్టేసినట్టయింది.

"కాఫీకి ఇంకోసారి వస్తాలే," అని మిత్రుడు మెల్లగా స్కూటర్ దగ్గరికి నడిచాడు. అతనూ వెనకాలే వచ్చి, తాళం తిప్పబోతున్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు, నేనూ వస్తా. ఎక్కడైనా కాసేపు కూర్చుందాం."

"ఇంటిదాకా వచ్చి..."

"ఆడుకోనీ పాపం," అన్నాడు గొంతు తగ్గించి. "స్టార్ట్ చెయ్యకు. మలుపు దాకా నేను తోస్తాను."