చిత్తడి నేల మీద సంతకం

"అమ్మగారూ, భూమి మీదే. కాకపోతే ఇకమీదట దాన్ని పూడ్చకూడదు, అందులో ఏమీ కట్టకూడదు."

నేల సంరక్షణ సంస్థ ప్రాజెక్టు మేనేజరు ఆ మాట చెప్పడం అది పదకొండోసారి. పెద్దావిడ ఇంటి పక్కనున్న పన్నెండెకరాల చిత్తడి నేల కోసం నాలుగేళ్లుగా ఆ గుమ్మం చుట్టూ తిరుగుతున్నాడు. ఈసారీ ఒప్పందం మీద సంతకం పడకపోతే ప్రాజెక్టు మూతపడుతుంది. కొంగలకు గూడూ ఉండదు, అతనికి కుర్చీ ఉండదు.

ఎప్పుడూ "చూద్దాంలే" అనే ఆవిడ ఆ రోజు కళ్లజోడు పెట్టుకుంది.

"ఇల్లు కూడా కట్టకూడదా?"

"కట్టకూడదండీ."

"పోనీ, ఒక్క గది?"

"అదీ కుదరదండీ."

"రేకుల షెడ్డు?"

పని చెడిందనుకున్నాడు. అయినా అబద్ధమాడలేక తల అడ్డంగా ఊపాడు. "ఎంత దగ్గరివాళ్లొచ్చి అడిగినా సరే, వీల్లేదండీ."

ఆవిడ అతని చేతిలోంచి పెన్ను లాక్కుని పేజీపేజీకీ సంతకం పెట్టేసింది, అక్కర్లేని చోట కూడా.

మేనేజరుకి కళ్లు చెమర్చాయి. "మీలాంటి ప్రకృతి ప్రేమికులు..." అని మొదలుపెట్టాడు.

ఆవిడ ఉండమన్నట్టు చెయ్యి చూపించి, ఆడపడుచుకి ఫోను కలిపింది. గొంతులోకి ఎక్కడలేని ఏడుపూ తెచ్చుకుంది.

"వదినా! అన్నయ్య రిటైరయ్యాక నా పక్కనే ఇల్లు కట్టుకుని, రోజూ నాతోనే ఉంటానన్నావుగా! ఈ సంస్థవాళ్లు ఇక ఇక్కడ ఒక్క గది కూడా కట్టనివ్వరట, మనిద్దరి నోట్లోనూ మట్టి కొట్టేశారే! ఆ మహానుభావుడు ఇక్కడే కూర్చున్నాడు, నువ్వే కడిగెయ్యి!"

ఫోను అతని చేతిలో పెట్టి, కాఫీ కలపడానికి లోపలికి వెళ్లింది.