ముక్కుకి అంటిన బురద

ఆ చెరువు గట్టుకి ఒక మొండి బుంగ ఉండేది. ఏటా చలికాలంలో మంచుకొండలు దాటి వచ్చే బాతులు దాన్ని పూడ్చేవి. అవి వెళ్ళగానే బుంగ మళ్ళీ తెరుచుకునేది, వేసవికల్లా చెరువు అడుగంటేది.

ఈసారి పెద్దబాతు పనికి దిగుతుంటే నీటికోడి ఉరుక్కుంటూ వచ్చింది.

"ఆగు బాతక్కా! నువ్వు పూడ్చొద్దు, నాకు నేర్పు!"

"గట్టెక్కి చూస్తే వస్తుందా పిల్లా? ముక్కుకి బురద అంటాలి, దిగు!" అని నవ్వింది బాతు.

నీటికోడి దిగింది. ఎండుగడ్డిని బంకమట్టితో కలిపి కూరడం నేర్చుకుంది. తీరా బాతులు వెళ్ళాక ఆ గడ్డి కాస్తా కుళ్ళి, బుంగ మళ్ళీ జలజలా కారింది.

"మనవల్ల అయ్యే పనేనా? వాళ్ళొచ్చేదాకా ఊరుకో," అంది కప్ప.

నీటికోడికి రోషం పొడుచుకొచ్చింది. బాతుల చలిదేశంలో గడ్డి కుళ్ళదు కాబోలు. ఇక్కడ ఎండ వేరు, నీళ్ళు వేరు! వేళ్ళతో సహా తుంగ పీక్కొచ్చి బుంగలో నాటింది. తుంగ చిగురేసింది, వేళ్ళు మట్టిని బిగించి పట్టాయి. ఆ వేసవిలో చెరువు ఎండలేదు.

"నిలిచాయి! నీళ్ళు నిలిచాయి!" అని నీటికోడి గట్టంతా గెంతింది. దానికంటే ఎత్తు గెంతింది కప్ప.

చలికాలం రాగానే పెద్దబాతు దిగి, బుంగ ఉన్నచోట పచ్చటి తుంగ చూసి నోరు తెరిచింది.

"మా దేశంలోనూ ఎండలు ముదిరాయే! మా గట్లలోనూ గడ్డి కుళ్ళిపోతోంది. ఇదెలా చేశావో కాస్త చెప్పవూ?"

నీటికోడి గుండె ఆనందంతో ఎగిరిపడింది. అయినా మెడ నిక్కించి అంది:

"గట్టెక్కి వింటే వస్తుందా బాతక్కా? దిగు!"