మేక మూతి పెట్టని తీగ

కొండాపూర్ గుట్టల్లో పొద్దుటి నుంచీ తిరుగుతున్నాడు విశ్వేశ్వరరావు. ఒంటికి ముళ్లు గీరుకున్నాయి తప్ప అడవినాభి తీగ మాత్రం కనిపించలేదు.

కాకినాడ నుంచి వచ్చి హైదరాబాద్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మేష్టారాయన.

సంచిలో ముప్పై అయిదేళ్ల నాటి అట్ట ఉంది. దానికి ఒక ఎండుతీగ అతికించి ఉంది. కింద ఇంగ్లీషులో ‘సేకరణ: ఎస్. బాయి, కొండాపూర్, 1938’.

పేరు పక్కనే సిరా మరక. అసహ్యంగా ఉందని పొద్దున్నే బ్లేడుతో సగం గీకేశాడు.

ఆ తీగ ఇక్కడ లేనే లేదనీ, బాయి రాయించింది అబద్ధమనీ పెద్ద ప్రొఫెసర్లు తేల్చేశారు. రేపటిలోగా తీగ చూపించకపోతే రికార్డుల్లోంచి ఆమె పేరు కొట్టేస్తారట.

“పూనాలో చదివిన విదుషి అయి ఉంటారండీ. అబద్ధమెందుకు చెబుతారు?” అని పోట్లాడింది ఈయనొక్కడే.

“ఏంది సారూ, గింత పరేషాన్ అయితున్నవ్?”

మేకలు కాస్తున్న ముసలామె.

“ఒక తీగ కోసమమ్మా. పుస్తకాల సంగతి, నీకు తెలీదులే.”

“జర చెప్పరాదు!”

అట్ట తీయబోయి ఆగాడు. ఆమెవి మట్టిచేతులు మరి! నోటితోనే చెప్పాడు.

“పువ్వు మంటలా పైకి లేచి ఉంటుంది.”

ఆమె ఫక్కున నవ్వింది.

“నాగలిగడ్డనా! పూల కోసం ఎతికితె దొరకది సారూ. మేకలను సూడు. అవి మూతి పెట్టకుంట తప్పుకపోయే కాడ ఉంటది. ఇసం గద!”

మేకల వెంట నడిచారు. రెండు బండల సందున ఒక పొదను అవి తప్పుకుపోయాయి.

అందులోంచి పసుపూ ఎరుపూ రేకులు. అబ్బ, ఎంత బాగుందో!

“ఆకు కొస సూడు. మెలి తిరిగి కొమ్మను పట్టుకున్నదా? గదే గుర్తు. ఈ గుట్టల నాకు తెల్వని తీగ లేదు” అంది, నడుం నిటారు చేసి.

ఆయనకు ఆనందంతో కళ్లు చెమర్చాయి. “బాయి గారి పరువు దక్కిందమ్మా!”

“బాయికి పరువేంది సారూ? ఉంటె నీళ్లుండాలె!”

బాయంటే వీళ్లకు బావి అని గుర్తొచ్చి పగలబడి నవ్వాడు. ఆమె వేలికి పెన్ను సిరా రాసి, కొత్త అట్ట మీద సాక్షిగా వేలిముద్ర వేయమన్నాడు.

“ఏస్త. చిన్ననాటి కొడవలి గాటున్నది, నడుమ గీత పడ్తది మల్ల” అంటూ గట్టిగా నొక్కి, మేకలను అదిలించుకుంటూ వెళ్లిపోయింది.

రెండు అట్టలూ పక్కపక్కన పెట్టాడు విశ్వేశ్వరరావు.

గీకగా మిగిలిన సగం మరకలోనూ అదే అడ్డగీత.

“అమ్మా! నీ పేరేంటమ్మా?” గొంతు చించుకుని అరిచాడు.

గుట్ట అవతలి నుంచి ఠీవిగా జవాబొచ్చింది.

“సక్కుబాయి! ఎనకట ఒక దొర గూడ రాసుకున్నడు సారూ!”